సెక్రెటరీకో సెక్రెటరీ

పొద్దున పని మొదలుపెట్టే ముందు ఆనాటి పనులన్నీ ఫోన్‌లోని ఏఐకి చెప్పేయాలట. ఏది ముందు, ఏది వెనక, దేనికెంత సేపు, ఎప్పుడు టీ, ఎప్పుడు అన్నం, అంతా గంటల లెక్కన పట్టిక వేసి చేతిలో పెడుతుందట. దాని ప్రకారం నడుచుకుంటే రోజుకు ఒకటో రెండో గంటలు మిగులుతాయట. ఇంకా కాగితం మీద రాసుకునేవాళ్లు, మనసులో లెక్కేసుకునేవాళ్లు వెనకబడిపోతారట. హైదరాబాదు ఐటీ కంపెనీల్లో వినిపించే ఈ మాట యూట్యూబు వీడియోల మీదుగా, శిక్షణ తరగతుల మీదుగా జిల్లాలకూ దిగింది. జగిత్యాలలో గ్రూప్స్ పరీక్షలకు చదివే కుర్రాడికీ, కోరుట్లలో బీమా ఏజెంటుకూ, ధర్మపురిలో మీసేవా నడిపేవాడికీ ఇదే సలహా.

ఎదుటి వాదాన్ని దాని బలమైన రూపంలోనే చెప్పుకోవాలి, లేకపోతే ఖండన దొంగదెబ్బ అవుతుంది. ఆ బలమైన రూపం ఇది. కలెక్టరుకు సీసీ ఉంటాడు, మంత్రికి పేషీ ఉంటుంది, కంపెనీ యజమానికి పీఏ ఉంటాడు. వాళ్ల రోజును సర్దిపెట్టడానికి ఇంకో మనిషికి జీతమిస్తారు. చిన్న ఉద్యోగికి, చిరు వ్యాపారికి, ఇంటిపనీ బయటిపనీ రెండూ మోసే ఆడమనిషికి ఆ భాగ్యం ఎప్పుడూ లేదు. ఇన్నాళ్లకు పైసా ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకునే సహాయకుడు దొరికాడు. ఎవరో పెద్దలకే ఉన్న సౌకర్యం అందరికీ వస్తుంటే కాదనడం ఎందుకు? ఇది తేలికగా తీసిపారేసే ప్రశ్న కాదు. అసూయతోనో, కొత్తదంటే భయంతోనో జవాబిస్తే నిలవదు కూడా. కానీ పీఏ చేసే పనిలో ఏ భాగం ఫోన్‌లోకి వచ్చింది, ఏ భాగం రాలేదు అన్నది ఈ సలహా ఇచ్చేవాళ్లెవరూ అడగడం లేదు. నా అభ్యంతరమంతా అక్కడ మొదలవుతుంది.

ఒకటి: కొరత పట్టికకు కాదు

ఈ సలహా అందరికంటే ఎక్కువగా ఎవరికి ఉపయోగపడాలి? రోజంతా ముక్కలు ముక్కలుగా తెగిపోయే ఉద్యోగికి, పని మొత్తం ఫోను మీదే నడిచే ఉద్యోగికి. అలాంటి మనిషి ఈ ప్రాంతంలో ఊరికొకరున్నారు. రికార్డుల్లో పంచాయతీ కార్యదర్శి, ఊరివాళ్ల నోట సెక్రెటరీ సారు, లేదా సెక్రెటరీ మేడం. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, ఏ పంచాయతీకి ఆ కార్యదర్శి ఉండాలని 2019లో వేల మంది జూనియర్ కార్యదర్శులను ప్రభుత్వం తీసుకుంది. వాళ్ల పనుల చిట్టా చూడండి: ఇంటిపన్ను వసూలు, జనన మరణాల నమోదు, చెత్త ట్రాక్టరు, మోరీలు, వీధిదీపాలు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ఇళ్ల అనుమతులు, గ్రామసభ, పైనుంచి వచ్చే ప్రతి సర్వే. నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే బాధ్యత వాళ్లదే అని ఆ చట్టం వచ్చినప్పుడే చెప్పారు. ఇంత చిట్టా ఉన్న మనిషికి పట్టిక వేసే యంత్రం వరమే కదా అనిపిస్తుంది.

సరే, వేయించి చూద్దాం. పట్టిక ముచ్చటగా వస్తుంది. 7 గంటలకు హాజరు. 7.15 నుంచి 8.30 దాకా పారిశుద్ధ్య కార్మికులతో వీధులు తిరిగి ఫొటోలు. 8.30కి నర్సరీ. 9.30 నుంచి 11 దాకా పన్నుల వసూలు. 11 నుంచి 12 దాకా రిజిస్టర్లు. మధ్యలో పది నిమిషాలు ధ్యానం కూడా పెడుతుంది, దాని దయ. ఇక ఊరు నిద్రలేస్తుంది. బోరు మోటరు కాలిపోయి ఎస్సీ కాలనీకి నీళ్లు రాలేదని నలుగురు ఆడవాళ్లు బిందెలతో పంచాయతీ ముందు నిలబడతారు. రాత్రి ఎవరో పోయారని, వైకుంఠధామంలో నల్లా రావడం లేదని కబురు వస్తుంది. అంతలో మండలం వాట్సాప్ గ్రూపులో మెసేజి: ఫలానా ప్రొఫార్మా పదకొండింటిలోపు పంపాలి, అర్జెంటు. దాని కిందే మరొకటి: పదిన్నరకు టెలికాన్ఫరెన్సు, అందరూ లైన్లో ఉండాలి. ఇప్పుడు పట్టికలో ఏది చెరిపేయాలి? బిందెలతో నిలబడ్డవాళ్లనా, పాడె మోసేవాళ్లనా, ప్రొఫార్మానా? ఏది ముఖ్యమో ఆ కార్యదర్శికి తెలియక కాదు. నీళ్లు ముఖ్యమని, శవాన్ని ఎండలో ఉంచకూడదని చిన్నపిల్లాడికీ తెలుసు. కానీ మెమో వచ్చేది ప్రొఫార్మా పంపనందుకు. ముఖ్యమైనదీ, తప్పనిసరైనదీ వేరువేరైనప్పుడు వచ్చే ఇబ్బంది ఇది. దీన్ని ఏ పట్టికా తీర్చలేదు, ఎందుకంటే ఇది వరస తెలియక వచ్చింది కాదు, వరస మార్చే అధికారం లేక వచ్చింది.

ఆ అధికారం ఎక్కడుందో కిందటి కొన్నేళ్ల చరిత్రే చెబుతుంది. 2020లో ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను ప్రభుత్వం తీసేసింది. 2022లో మళ్లీ తీసుకునే దాకా కూలీల హాజరు, పనుల కొలతల వెంట తిరగడం చాలావరకు కార్యదర్శుల నెత్తిన పడింది. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల చోట రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు దేశమంతటా తప్పనిసరైంది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు. 2024 నవంబరులో ఇంటింటి సర్వే. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లలో ఎన్నికైన పాలకవర్గమే లేదు. పేరుకు ప్రత్యేకాధికారులున్నా, జనం తలుపు తట్టింది సెక్రెటరీ ఇంటినే. ఈ నిర్ణయాల్లో ఒక్కటి కూడా కార్యదర్శి పొద్దున లేచి తీసుకున్నది కాదు. ఆయన రోజు ఆయన నిద్రలో ఉండగానే నిండిపోయింది. నిండిన కుండలో నీళ్లను చక్కగా సర్దిపెడతానని వచ్చేవాడి వల్ల ఒరిగేదేముంది?

ఒరగకపోగా నష్టం ఉంది. పనులన్నీ పదిహేను నిమిషాల గళ్లలో ఇరికించి చూపించినప్పుడు, అసాధ్యమైన రోజు సాధ్యమైనట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి సగం గళ్లు మిగిలిపోతే తప్పు ఎవరిదవుతుంది? పట్టిక బాగానే ఉంది, చేసేవాడికే చేతకాలేదు అనిపిస్తుంది. పైవాడు అడగక ముందే కిందివాడు తన్ను తాను దోషిగా నిలబెట్టుకుంటాడు. పైవాడి చేతికి రేపు ఇంకో ఆయుధం కూడా దొరుకుతుంది: ‘ఏఐ ఉంది కదా, ప్లాన్ చేసుకోవచ్చు కదా!’ 2023 ఏప్రిల్ చివర్లో జూనియర్ కార్యదర్శులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగినప్పుడు, వాళ్లు అడిగింది టైం టేబులు కాదు.

రెండు: దాని అంచనా ఎవరి అంచనా?

పనికి ఎంత సమయం పడుతుందో యంత్రం మనకంటే బాగా లెక్కిస్తుందని రెండో నమ్మకం. మనిషి ఈ లెక్కలో ఘోరంగా తప్పుతాడన్నది నిజమే. 1979లోనే కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ జబ్బుకు పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఓ అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో పూర్తవుతుందనుకున్నారు, పట్టింది 55 రోజులకు పైనే. అనుకున్న గడువులో ముగించింది పదిమందిలో ముగ్గురే. మరి ఏఐ ఈ జబ్బును కుదురుస్తుందా? దానికి మన పని గురించి తెలిసేది మనం చెప్పిందే. మన ఆశనే తీసుకుని, గళ్లు గీసి, అందంగా తిరిగి ఇస్తుంది. ఆశకు అచ్చు అక్షరాల గౌరవం వస్తుంది, అంతే తేడా.

యాసంగి వడ్లు కోతకొచ్చిన రోజుల్లో కొనుగోలు కేంద్రం నడిపే మహిళా సంఘం సభ్యురాలిని తీసుకోండి. ఆమె రోజు దేనిమీద ఆధారపడుతుంది? కుప్పలో తేమ 17 శాతానికి దిగిందా, గన్నీ సంచులు వచ్చాయా, హమాలీలు ఎందరొచ్చారు, లారీ ఎప్పుడొస్తుంది, వచ్చిన లారీ మిల్లు దగ్గర ఎన్ని గంటలు నిలబడుతుంది, సాయంత్రం మబ్బు పడుతుందా. వీటిలో ఏదీ ఆమె చేతిలో లేదు, ఏఐ చేతిలో అంతకన్నా లేదు. కానీ లారీ యజమాని ఎప్పుడు అబద్ధం చెబుతాడో, ఏ హమాలీ ముఠా కాంటా దగ్గర తొందరగా కదులుతుందో, ఏ రైతు రెండ్రోజులు ఆగగలడో, ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నారో ఆమెకు తెలుసు. ఆ తెలివితోనే ‘నీ కుప్ప రేపు తూకం వేద్దాం రాజన్నా, ఇవాళ లక్ష్మక్కది పోనీ’ అంటుంది. ప్రణాళిక అంటే అది. అందులో ఒక మనిషిని ఒప్పించడం ఉంది, ఒక మాట ఇవ్వడం ఉంది, రేపు ఆ మాట నిలబెట్టుకోకపోతే ముఖం చూపించలేకపోవడం ఉంది.

దీనికి ఒక జవాబు వస్తుంది: అవన్నీ దానికి చెబితే పట్టిక సరిచేసి ఇస్తుంది కదా? ఇస్తుంది. కానీ లారీ సంగతి, హమాలీల సంగతి, పెళ్లి సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలిగిన క్షణానికే ఆమె ప్రణాళిక వేసేసింది. కష్టమంతా ఆ చెప్పడంలోనే అయిపోయింది, మిగిలింది గళ్లు గీయడం. గళ్లు గీసినందుకు దాన్ని ప్రణాళికాకర్త అనడం, ఇల్లు కట్టిన మేస్త్రీని వదిలి సున్నం వేసినవాడికి దండ వేయడం లాంటిది.

అంతకంటే లోతైన లోపం ఇంకొకటుంది. ఈ సహాయకులను మనిషి మెచ్చుకునేలా జవాబివ్వడానికి తీర్చిదిద్దారు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీ కొత్త రూపం వాడేవాళ్లకు మరీ తందానతాన పాడుతోందని గోల పుట్టి, తయారుచేసిన కంపెనీయే కొద్ది రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకుంది. దొరికిపోయిన సందర్భం అది, స్వభావం పూర్తిగా పోయిందనడానికి ఆధారం లేదు. రోజుకు పద్నాలుగు పనులు చెప్పి సర్దమంటే పద్నాలుగూ సర్దుతుంది. గట్టిగా గుచ్చి అడిగితే ఎక్కువైనట్టుందని సన్నగా ఓ మాట అంటుంది, ఆ వెంటనే మన మాటకే వస్తుంది. పెద్దాఫీసులో మంచి పీఏ విలువ దేనిలో ఉంది? పట్టిక రాయడంలో కాదు. గుమ్మం దగ్గర నిలబడి ‘సారు ఇవాళ కలవరు, గురువారం రండి’ అనడంలో ఉంది. ఆ మాటకు వెనక అధికారి కుర్చీ బలముంది. పెద్దలకున్న సౌకర్యం అందరికీ వచ్చిందన్న వాదం ఇక్కడే కూలిపోతుంది. వచ్చింది పీఏ చేతిలోని డైరీ. గుమ్మం రాలేదు, కుర్చీ రాలేదు.

మూడు: మిగిలిన గంట ఎవరి జేబులోకి?

గంటలు మిగులుతాయన్న మాటకు ఆధారం ఏమిటని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ‘నాకు మిగులుతున్నట్టే ఉంది’. ఆ ‘ఉన్నట్టే’ని నమ్మడానికి లేదు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ అనుభవజ్ఞులైన 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులిచ్చి పరీక్షించింది. ఏఐ వాడితే 24 శాతం వేగం పెరుగుతుందని వాళ్లు ముందు అనుకున్నారు. నిజానికి 19 శాతం ఆలస్యమైంది. విచిత్రం ఏమిటంటే, పని ముగిశాక కూడా తాము 20 శాతం వేగంగా చేశామనే చెప్పారు. అది కోడ్ రాసే పని, రోజును సర్దే పని కాదు, మనుషులూ పదహారు మందే. అంతకు మించి ఆ ఫలితాన్ని సాగదీయకూడదు. కానీ చేతిలో ఏఐ ఉన్నప్పుడు కాలం గురించి మన అనుభూతి సాక్ష్యంగా నిలవదని చెప్పడానికి అది చాలు. అదే ఏడాది డెన్మార్కులో 7,000 పనిచోట్ల 25,000 మంది ఉద్యోగుల లెక్కలు తీస్తే, ఏఐ వల్ల మిగిలిన సమయం సగటున 3 శాతం దగ్గర తేలింది. జీతాల్లో, పని గంటల్లో చెప్పుకోదగ్గ మార్పే కనిపించలేదు. ఎనిమిది గంటల రోజులో 3 శాతం అంటే పదిహేను నిమిషాలు కూడా కాదు.

పోనీ మిగిలిందనే అనుకుందాం. అది ఎవరిది? సిరిసిల్లకు వెళ్లి చూస్తే ఈ ప్రశ్నకు జవాబు చప్పుళ్లతో సహా వినిపిస్తుంది. సాంచెల (మరమగ్గాల) కార్ఖానాలో ఒక్కో కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టులో ఒకేసారి పలు సాంచెల మధ్య తిరుగుతాడు. పోగు తెగిందా, కండె అయిపోయిందా, ఏ సాంచె శబ్దం మారింది, చెవితోనే కనిపెడతాడు. ఆయన రోజుకు ప్రణాళిక అక్కర్లేదు, సాంచెయే ఆయన ప్రణాళిక. కూలీ గంటలకు కాదు, నేసిన మీటర్లకు. ఆయన ఎంత నేర్పుగా నిమిషాలు మిగుల్చుకున్నా, బీము ఎక్కించే వైపని కార్మికుడు రాకపోతే సాంచె ఆగుతుంది, ఆసామి దగ్గర నూలు లేకపోతే ఆగుతుంది, ఆర్డరు లేకపోతే కార్ఖానాకే తాళం పడుతుంది. 2017 నుంచి 2023 దాకా బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు నెలల తరబడి పనిచ్చింది. 2024లో ఆ చీరలు ఆగాయి, సాంచెలూ ఆగాయి. 2025లో మహిళా సంఘాలకు ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చాక మళ్లీ కదిలాయి. ఆ ఖాళీ నెలల్లో నేతకార్మికుడికి సమయం కావాల్సినంత మిగిలింది. మిగిలిన సమయమే సుఖమైతే, ఆయనంత సుఖపడినవాడు రాష్ట్రంలో ఉండకూడదు.

కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల లెక్కా అంతే. రాత్రి తునికాకు నానబెట్టుకుని, పొద్దున కత్తిరించుకుని, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలయ్యే దాకా లేవరు. మధ్యలో పొయ్యి మీద అన్నం, బడికి పిల్లలు, నల్లా నీళ్లు, దుబాయి నుంచి భర్త ఫోను, అక్కడికీ ఇక్కడికీ గంటన్నర తేడా. నాలుగు పనుల్ని ఒక్క రోజులో ఇమిడ్చే విద్యలో వాళ్లకు ఏ యంత్రమూ పాఠం చెప్పలేదు. అయినా నెలకెన్ని రోజులు పని ఉంటుందో తేల్చేది కంపెనీ. ఆకు తక్కువిస్తే ఆకు కొనుక్కోవలసిందీ వాళ్లే. ఇలాంటి చోట ‘నీ రోజును నువ్వే మలచుకో’ అన్న సలహా వినడానికి బాగుంటుంది, చెప్పేవాడికి బాధ్యత లేకుండా చేస్తుంది. పని దొరకకపోవడం కాస్తా పని సర్దుకోవడం రాకపోవడంగా మారిపోతుంది.

నెలజీతం ఉద్యోగి దగ్గర మోసం ఇంకో రకంగా నడుస్తుంది. అక్కడ మిగిలిన గంటను పై పని వచ్చి ఆక్రమిస్తుంది. నివేదిక గంటలో రాసేవాడు పది నిమిషాల్లో రాయడం మొదలుపెడితే, వారానికొక నివేదిక అడిగే ఆఫీసు రోజుకొకటి అడుగుతుంది. వాట్సాప్ వచ్చినప్పుడు జరిగింది ఇదే. కాగితం మీద సర్క్యులరు రావాలంటే టైపు కావాలి, సంతకం కావాలి, తపాలా కావాలి. ఆ ఖర్చే కిందివాడికి కొంత రక్షణగా ఉండేది. అడగడం చవకైంది, అడగడాలు పెరిగాయి. ఇప్పుడు జవాబివ్వడం కూడా చవకైతే మిగిలిన ఆ కాస్త అడ్డుకట్టా తెగిపోతుంది.

యాప్ కోసం రోజు నడవడం మొదలైతే ఏం జరుగుతుందో ఊహించనక్కర్లేదు. 2025లో జగిత్యాల జిల్లాలోనే ఓ పంచాయతీ కార్యదర్శి ముఖం చూపించాల్సిన హాజరు యాప్‌లో ముఖ్యమంత్రి ఫొటో చూపించి హాజరు వేసుకున్న సంగతి పత్రికలకెక్కింది. చేసిన పని తప్పే, దాన్ని ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. కానీ ఆ యాప్ ఒప్పుకుంది చూశారా, అది గమనించాలి. తెరమీద గడి నిండితే చాలు, దానికి ఊరు అక్కర్లేదు. పట్టిక వేసే ఏఐకి కూడా పని జరిగిందనడానికి మనం పెట్టే టిక్కు తప్ప వేరే ఆధారం లేదు.

నాలుగు: ఇది కొత్త పంచాంగం కాదు

ఏఐ పక్షాన ఓ తెలివైన వాదన ఉంది, ధర్మపురి లాంటి ఊళ్లో అది బాగా పలుకుతుంది. మనవాళ్లు ఎప్పుడు తమ రోజును తామే నిర్ణయించుకున్నారు? పంచాంగం చూడందే విత్తనం వేయలేదు, సిద్ధాంతిని అడగందే ప్రయాణం కట్టలేదు. గోదావరి దక్షిణంగా పారే ఈ నరసింహస్వామి క్షేత్రం వేదానికీ జ్యోతిషానికీ పేరుపడ్డదే కదా. నిన్న సిద్ధాంతి, నేడు ఏఐ, తప్పేముంది?

పంచాంగాన్ని నమ్మాలా వద్దా అన్నది వేరే తగువు, దాన్ని ఇక్కడికి తేవద్దు. అది రోజును ఎలా చూస్తుందో మాత్రం చూడండి. తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం చెబుతుంది. రాహుకాలం గంటన్నర, వర్జ్యం ఇంతసేపు, దుర్ముహూర్తం ఇప్పుడు అని చెబుతుంది. అంటే రోజులో కొన్ని ముక్కలను వద్దని పక్కన పెడుతుంది. మిగిలిన రోజంతా నీదే. ఏం చేయాలో, ఎన్ని చేయాలో దానికి పట్టదు. పది పనులు చెబితే పదింటికీ చోటు వెతికిపెట్టదు. పైగా ఆ వద్దు అన్నది అందరికీ ఒకేలా వర్తిస్తుంది: దొరకూ రాహుకాలమే, జీతగాడికీ రాహుకాలమే. ‘ఇవాళ వర్జ్యం ఉంది దొరా, రేపు పొద్దున వస్తా’ అని చిన్నవాడు పెద్దవాడి ముఖం మీద చెప్పి తప్పించుకోగలిగేవాడు, పెద్దవాడు కాదనలేకపోయేవాడు. దాని అట్ట మీద పంచాంగకర్త పేరుంటుంది. పండుగ ఏ రోజన్న దాని మీద ఇద్దరు సిద్ధాంతులు తేడా పడితే ఆ వాదన నలుగురిలో జరుగుతుంది, తప్పు చెప్పినవాడి పరువు పోతుంది.

ఏఐ పట్టిక వీటన్నింటికీ తలకిందులు. అది వద్దనదు, ఇరికిస్తుంది. నీ ఒక్కడికే చెబుతుంది. అదే ప్రశ్న మళ్లీ అడిగితే ఇంకో పట్టిక ఇస్తుంది. తప్పితే అడగడానికి అట్ట మీద పేరు లేదు. ‘నా ఏఐ ఇవాళ కుదరదంటోంది సార్’ అని ఎంపీడీవో ముందు చెప్పి చూడండి, నవ్వుతారు. పంచాంగానికున్న ఆ ఒక్క సామాజిక బలం, అంటే చిన్నవాడికి అడ్డుగా నిలబడే బలం, దీనికి లేదు. పంచాంగంతో పోలిక పెట్టినవాళ్లు తమ వాదనకు తామే గండి కొట్టుకున్నారు.

ఐదు: మరి ఎవరికీ పనికిరాదా?

వస్తుంది, దాచనక్కర్లేదు. మనసు ఒకచోట నిలవక, పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడిపోయే మనుషులున్నారు. వాళ్లకు పెద్దపనిని చిన్న ముక్కలు చేసి చూపించే తోడు నిజమైన ఊరట. పరీక్షకు చదివేవాడు సిలబస్‌ను వారాల్లోకి పంచుకోవచ్చు, అక్కడ రోజు చాలావరకు అతని చేతిలోనే ఉంటుంది. ఈ తేడాయే నేను పట్టుకున్నది: రోజు మీద నీకు హక్కు ఉన్నచోట పట్టిక ఎవరు వేసినా ఉపయోగమే, హక్కు లేనిచోట ఎంత మంచి పట్టికైనా సంకెళ్లకు మెరుగు పెట్టడమే. ఉత్తరం చిత్తుప్రతి, ప్రొఫార్మాలో కూడికలు, ఇంగ్లీషు సర్క్యులరుకు తెలుగు అర్థం, వీటికి దాన్ని వాడుకోండి, ఎవరూ వద్దనరు. అయితే ఊళ్లోవాళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు, ఎవరికి ఏ పింఛను అన్న వివరాలు దానికి ఎక్కించి పని సర్దించుకోవడం మరో గొడవ. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసుకున్న దేశంలో, ఆ సమాచారం కార్యదర్శి సొంత ఆస్తి కాదు.

పనిముట్టుది తప్పు కాదు, వాడే వ్యవస్థది తప్పు అంటారు చివరకు. ఒప్పుకుంటాను, కానీ ఆ మాట నా వైపు వాదన. తప్పు వ్యవస్థదైతే మందు వ్యవస్థకు వేయాలి. రోగం పైఆఫీసులో ఉంటే మాత్ర కిందివాడి ఫోన్‌లో ఎందుకు?

ఆరు: పట్టిక పైకి వెళ్లాలి

రోజును సర్దుకోవడం ఒంటరి మనిషికీ అతని ఫోనుకూ మధ్య గుట్టుగా జరిగే పని కాకూడదు. అది పని చెప్పేవాడికీ చేసేవాడికీ మధ్య జరగాల్సిన బేరం. కార్యదర్శి తన పట్టికను తన జేబులో పెట్టుకోవద్దు, మండలానికి పంపాలి. చెత్త బండి, నీళ్లు, చావు, పుట్టుక, వీటికి పోయే గంటలు ముందు తీసేసి, మిగిలింది ఎంతో చూపించాలి. కొత్త సర్వే వస్తే దానికెన్ని గంటలో ఆదేశంలోనే రాయాలి, ఆ గంటలు ఏ పనిలోంచి తీయాలో కూడా ఆదేశం ఇచ్చినవాడే రాయాలి. అర్జెంటు అన్న మాటకు సంతకం ఉండాలి, ఎందుకు అర్జెంటో ఒక్క వాక్యమన్నా ఉండాలి. పొద్దున ఏడు నుంచి పది దాకా ఊరి పనికే వదిలేసి, ఆ వేళల్లో గ్రూపులో ఏ మెసేజీ పెట్టకూడదని జిల్లా అధికారి ఒక్క ఉత్తర్వు ఇస్తే, లక్ష పట్టికలు చేయలేని మేలు చేస్తుంది. దానికి కాగితం ఖర్చు కూడా లేదు.

ఆ ఉత్తర్వు వచ్చే దాకా చేయగలిగిన పని ఒకటుంది. పదిన్నరకు టెలికాన్ఫరెన్సు, పదకొండుకు ప్రొఫార్మా, కాలనీలో నీళ్ల గోల ఒకేసారి మీద పడ్డప్పుడు, మూడూ వరసగా రాసి, కింద ఒక్క ప్రశ్న పెట్టి పైకి పంపాలి: ‘సార్, ఈ మూడింటిలో ఇవాళ ఏది ఆపమంటారు?’ ఆ మెసేజిని ఏఐ అరనిమిషంలో రాసిపెడుతుంది, అక్షర దోషం లేకుండా, ఎంతో వినయంగా. ఒక్కరు పంపితే మెమో రావచ్చు. మండలంలోని కార్యదర్శులంతా ఒకే పొద్దున, ఒకే గ్రూపులో, అదే ప్రశ్న పెట్టాలి. దానికి పైవాళ్లు రాతలో జవాబివ్వాల్సి ఉంటుంది.